14 నెలల పాప ఇంకా నడవట్లేదు, కూర్చునే జరుగుతోంది: మా పెద్దది కూడా ఇంతే

మీ ప్రశ్న చదువుతుంటే నాలుగేళ్ల కిందటి మా ఇల్లే కనబడింది. పాపకి 14 నెలలు, పాకనే లేదు, కూర్చుని పిర్రల మీద జరుగుతోంది, పక్కింటి బాబు 10 నెలలకే నడిచేశాడు, అత్తగారు వాకర్ కొనమంటున్నారు, బరువు 8.2 కిలోలే, కాల్షియం సిరప్ పట్టాలా అని అడిగారు. నేను డాక్టర్ని కాదు. ఒడిశాలో పర్లాకిమిడిలో ఉంటాం, ఇద్దరు పిల్లలు. పెద్దది అచ్చం మీ పాపలాగే చేసింది కాబట్టి రాస్తున్నాను.

ముందు ఆ జరగడం సంగతి. దానికి మనకి సొంత మాటే ఉంది, దేకడం. పొట్ట ఈడ్చుకుంటూ పాకడం వేరు, చేతులూ మోకాళ్లూ ఆనించి దోగాడడం వేరు, కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ముందుకి దేకడం వేరు. మా అమ్మమ్మ ఈ మూడింటినీ ఎప్పుడూ విడివిడిగానే చెప్పేది, అన్నీ కలిపేసి "క్రాలింగ్ చెయ్యట్లేదు" అని ఫోన్ పట్టుకుని కూర్చుని కంగారు పడింది నేనే. మా పిల్ల కుడికాలు మడిచి, ఎడమకాలు చాచి, అరచేత్తో నేలని తట్టి ఒక్కో ఊపుకి జానెడు చొప్పున వంటింట్లోంచి వీధి గుమ్మం దాకా పోయేది, దాని దెబ్బకి చెడ్డీలన్నీ వెనకపక్క చిరుగులే. బోర్లా పడుకోబెడితే గుక్కపట్టి ఏడ్చేది. చంకల కింద పట్టుకుని నిలబెడదామని దించితే పాదాలు నేలకి ఆనించేదే కాదు, గాల్లో కుర్చీ ఉన్నట్టు రెండు కాళ్లూ ముందుకి చాచేసేది. అది చూసి నాకు కాళ్లలోనే ఏదో లోపం ఉందని రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు. దేకే పిల్లల్లో చాలామంది అలాగే చేస్తారని తర్వాత తెలిసింది. మీ పాప కూడా ఇలా కాళ్లు చాస్తుందేమో ఓసారి చూడండి.

నెలనెలా మమతా దిబస రోజు (ఇక్కడ తల్లీపిల్లల్ని చూసే రోజుని అలా అంటారు) అంగన్‌వాడీకి తీసుకెళ్తే దీదీ మొదటి మాటే "ఝిఅ చాలిలాణి కి?" అనేది, పిల్ల నడుస్తోందా అని. ఇంటికొస్తే మా వీధి పెద్దావిడ "ఏటే, ఇంకా నడవట్లేదేటి పిల్ల" అని. రెండు భాషల్లోనూ అదే ప్రశ్న.

ఇక లెక్కలకొస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్లు ఐదు దేశాల్లో (అందులో మన దేశం కూడా ఉంది) ఆరోగ్యంగా ఉన్న పిల్లల్ని నెలల తరబడి చూసి 2006లో ఒక పట్టిక ఇచ్చారు. ఏ ఆసరా లేకుండా నడవడం 8.2 నెలల నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చని అందులో ఉంది. ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నుంచి 9.2 నెలలు. అంటే మీ పక్కింటి బాబూ, మీ పాపా ఇద్దరూ ఒకే గీతల మధ్య ఉన్నారు, వాడు ఆ చివర, మీ పాప ఈ చివర. ఇంకో ముక్క, ఆ పిల్లల్లో నూటికి నలుగురు అసలు దోగాడనే లేదు, ఆ మెట్టు ఎక్కకుండానే నడకకి వెళ్లిపోయారు. దేకే పిల్లలు మామూలుగానే కొంచెం ఆలస్యంగా నడుస్తారు. పైగా ఇది వంశంలో వస్తుందట. మా అత్తగారు "మా వాడు ఏడాదికే పరిగెత్తాడు" అని నాతో ఏడాదంతా అన్నారు, చివరికి వాళ్ల అక్కగారు పెళ్లికొచ్చి "ఎవడే పరిగెత్తింది, ఏడాదిన్నర దాకా అరుగు మీద దేకుతూనే ఉన్నాడు కదా" అనేసింది అందరి ముందూ. మా ఆయన ముఖం చూడాలి ఆ రోజు.

వాకర్ మాత్రం వద్దు. ఇది గట్టిగానే చెప్తున్నాను. మేం కొన్నాం. మూడో రోజో నాలుగో రోజో, నేను బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి వెనక్కి తిరిగేలోపు, అది మునివేళ్లతో నేలని తన్నుకుంటూ వరండా చివరికి పోయింది, ముందు చక్రం మెట్టు దిగింది, అంతే, పిల్లా వాకరూ కలిసి బోర్లా. పై పెదవి చిట్లింది, ఇప్పటికీ నవ్వితే సన్నగీత కనిపిస్తుంది. దెబ్బల సంగతి అలా ఉంచినా, అందులో కూర్చున్న పిల్లకి తన పాదాలు కనబడవు, ఒళ్లు నిలబెట్టుకోవాల్సిన పని లేదు, మడమ ఆనించకుండా మునివేళ్లతో తోయడం నేర్చుకుంటుంది, ఇంక నడక తొందరగా ఎలా వస్తుంది? కెనడాలో 2004 నుంచి దాన్ని అమ్మడమే నిషేధం. మన పాతకాలం మూడు చక్రాల చెక్క బండి అయితే వేరే సంగతి, అందులో కూర్చోరు, లేచి నిలబడి పట్టుకుని తోస్తారు. అది కూడా పట్టుకుని నిలబడడం వచ్చాకే, మీరు పక్కనుండగానే.

మాకు పనికొచ్చింది ఒక బెంచీ, ఒక గరిటె. పిల్ల పొట్ట ఎత్తుకి వచ్చే బెంచీ మీద దానికిష్టమైన గరిటె పెట్టేదాన్ని, కింద కూర్చుంటే అందదు. మొదట్లో అరిచి గోల, వారం తర్వాత మోకాలు మడిచి లేవడం మొదలెట్టింది. తర్వాత గరిటెని మూర దూరం జరిపితే బెంచీ పట్టుకుని పక్కకి అడుగులేసింది. ఉత్త కాళ్లతోనే, బూట్లు వద్దు, ముఖ్యంగా ఆ కీచుకీచు చప్పుడు చేసేవి.

బరువు గురించి. మీరు రాసిన 8.2 అన్నది బరువు కార్డు మీద ఒక్క చుక్క, దాన్ని బట్టి ఎవరూ ఏమీ చెప్పలేరు. 14 నెలల ఆడపిల్లల్లో మధ్యలో ఉండేది 9.4 కిలోలు, 7.4 కంటే దిగితే తక్కువ బరువు అంటారు, కాబట్టి మీ పాప అంగన్‌వాడీ కార్డులో ఆకుపచ్చ భాగంలోనే ఉంటుంది. చూడాల్సింది వెనకటి నెలల చుక్కలన్నీ కలిపితే గీత పైకి వెళ్తోందా, పడుకుందా, దిగిందా అని. మా దాని పుట్టుక బరువు 2.6, ఏడాదికి 7.9. మూడు రెట్లయింది, అదే సరిపోతుందన్నారు. పక్కింట్లో 3.5తో పుట్టిన పిల్లాడు పదిన్నర కిలోలు ఉంటే దానికీ మన పిల్లకీ పోలికేంటి? ఏడాది దగ్గర పడేసరికి పెరుగుదల ఎలాగూ నెమ్మదిస్తుంది, నెలకి పావుకిలో వస్తే గొప్ప. మాకు 11వ నెలలో విరేచనాలు పట్టుకుని గీత పడుకుండిపోయింది, అప్పుడు మాత్రం అంగన్‌వాడీలో ఇచ్చే చతువాని (పిల్లల పోషకాహార పిండి) పల్చటి జావలా కాకుండా గట్టిగా కాచి చెంచాడు నెయ్యి వేసి పెట్టాను, గుడ్డు రోజూ. రెండు నెలల్లో కోలుకుంది. అన్నట్టు ఆ వేలాడే త్రాసులో తూచేటప్పుడు స్వెటరూ, తడి చెడ్డీ తీసేయండి. ఓ నెల మా దానికి ఊరికే 300 గ్రాములు పెరిగిందని సంబరపడ్డాం.

సిరప్ విషయంలో మేమూ మోసపోయాం. ఒక క్లినిక్‌లో పిల్లని ఒళ్లోంచి దించకుండానే "కాల్షియం వీక్" అని మూడు సీసాలు రాసిచ్చారు. తర్వాత 15వ నెలలో బరంపురం వెళ్లి ఇంకో పిల్లల డాక్టర్‌కి చూపిస్తే ఆవిడ సీసాలు పక్కన పెట్టి పిల్లని నేల మీద వదిలేసి పది నిమిషాలు ఊరికే చూసింది. ఒకే చేత్తో దేకుతోంది కదా, రెండో చెయ్యి బలంగా ఉందా లేదా అని ఆ చేతికి బొమ్మ అందించింది. తుంటి కీళ్లు తిప్పి చూసింది, తల చుట్టుకొలత టేపుతో కొలిచింది, మణికట్లు ఉబ్బాయా అని నొక్కింది (విటమిన్ డి తక్కువైతే అలా ఉబ్బుతాయట), పిల్లని ఒక్కసారిగా తలకిందకి వాలిస్తే రెండు చేతులూ ముందుకి చాచిందా అని చూసింది. థైరాయిడ్, రక్తం పరీక్షలు రాసింది, రక్తం కొంచెం తక్కువ వచ్చింది. కారణం మేం రోజుకి లీటరు పాలు పట్టేయడం, పొట్ట నిండిపోయి అన్నం తినేది కాదు. పాలు అర లీటరుకి తగ్గించి ఐరన్ చుక్కలు ఇచ్చాం. అంతే వైద్యం.

ఇది చదివి మీరు చూపించడం మానేస్తారేమో, అలా చెయ్యకండి. 9 నెలలు దాటినా ఆసరా లేకుండా కూర్చోకపోయినా, ఏడాది లోపే ఒక చెయ్యి మాత్రమే వాడుతూ రెండోది పిడికిలి బిగించే ఉంచినా, కాళ్లు కర్రల్లా బిగుసుకున్నా, ఎత్తుకుంటే గుడ్డలా జారిపోతున్నా, పిలిస్తే పలకకపోయినా, 18 నెలలు నిండినా నడక రాకపోయినా ఆగొద్దు. నిన్నటిదాకా చేసిన పని మర్చిపోతే మరీను, అప్పుడు ఆ వారమే వెళ్లాలి. డబ్బు గురించి ఆలోచించకండి, 2013 నుంచి పిల్లలకి ఉచితంగా ఆరోగ్య పరీక్షలు చేసే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అని ప్రభుత్వ పథకం ఉంది, ఆ టీమ్ ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి వస్తుంది, ఆశా దీదీని అడిగితే తేదీ చెప్తుంది, వాళ్లే రాసి జిల్లా ఆస్పత్రికి పంపిస్తారు.

మాది 17 నెలలు నిండిన వారానికి నడిచింది. బెంచీ వదిలేసి నాలుగడుగులు, చేతిలో గరిటెతోనే. మా అత్తగారు ఆ సాయంత్రమే బియ్యం నానబోశారు, అడుగులకి అరిసెలు కదా. మూడో రోజు తెల్లగుడ్డ పరిచి అరిసెలు వరసగా పెట్టి పిల్లని నడిపిస్తే రెండు తొక్కి, మూడో దాని దగ్గర కూర్చుని తినడం మొదలెట్టింది, అక్కణ్ణుంచి మళ్లీ దేకుడే. పక్కింటి ఒడియా ఆవిడకి నాలుగు పంపితే "ఇది మా అరిసా పిఠాయే కదా" అంది.

మీరొకటి రాయలేదు. పాప నెలలు నిండే పుట్టిందా? రెండు నెలలు ముందు పుట్టి ఉంటే రెండేళ్లు వచ్చేదాకా ఆ రెండు నెలలూ తీసేసే లెక్కపెట్టాలి, అప్పుడు మీ పాపకి 12 నెలలే అన్నమాట. అదీ, వెనకటి నాలుగైదు నెలల బరువులూ, పట్టుకుని లేస్తోందా లేదా అన్నదీ రాయండి, చూసి చెప్తాను.