కీమో అయి పదకొండేళ్లు... ఇన్సూరెన్స్ ఫారంలో రాయాలా?

ప్రశ్న: నాకు 47వ ఏట క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియా (నెమ్మదిగా పెరిగే ఒక రకం రక్త క్యాన్సర్) వచ్చింది. ఆరు సైకిళ్లు కీమో చేశారు. పదకొండేళ్లయినా తిరగబెట్టలేదు. మందులేమీ లేవు, ఏడాదికోసారి రక్తపరీక్ష చేయించి డాక్టరుకు చూపిస్తాను. ఇప్పుడు హెల్త్ పాలసీ, టర్మ్ పాలసీ తీసుకుందామంటే ఏజెంటు ‘మూడేళ్లు దాటిన జబ్బు రాయక్కర్లేదు, రాస్తే పాలసీ రాదు’ అంటున్నాడు. నిజమేనా?

జవాబు: రాయండి. ఏజెంటు చెప్పిన మూడేళ్ల లెక్క ఉన్నదే గానీ, దాన్ని వాడాల్సిన చోటు అది కాదు. బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2024 నిబంధనల్లో ‘ముందునుంచే ఉన్న జబ్బు’ అంటే పాలసీకి ముందు 36 నెలల్లో బయటపడినది, లేదా ఆ 36 నెలల్లో డాక్టరు సలహా గానీ చికిత్స గానీ తీసుకున్నది. ఇది వెయిటింగ్ పీరియడ్ (పాలసీ తీసుకున్నాక ఆ జబ్బుకు క్లెయిమ్ ఇవ్వని తొలి కాలం) కోసం పెట్టిన నిర్వచనం. ఫారంలో ‘ఎప్పుడైనా క్యాన్సర్ వచ్చిందా’ అని అడిగితే దానికి గడువేమీ ఉండదు. పైగా మీరు ఏటా డాక్టరు దగ్గరికి వెళ్తూనే ఉన్నారు. ఓపీ చీటీ మీద జబ్బు పేరు, కింద ‘ఏడాది తర్వాత రండి’ అన్న ఒక్క లైను ఉంటే చాలు, సలహా తీసుకున్నారని కంపెనీ వాదించడానికి.

మీ రెమిషన్ (జబ్బు ఆనవాళ్లు లేకుండా ఉండటం) చిన్న విషయం కాదు. ఈ జబ్బుకు ఎఫ్‌సీఆర్ అనే మూడు మందుల కీమో తీసుకున్నవారిలో, క్యాన్సర్ కణాల్లోని ఐజీహెచ్‌వీ అనే జన్యువు మ్యుటేట్ అయిన (మార్పు చెందిన) రోగుల్లో దాదాపు సగం మందికి పన్నెండేళ్లు దాటినా జబ్బు మళ్లీ రాలేదు. అయినా ఆలస్యంగా తిరగబెట్టే అవకాశం ఉంది కాబట్టే డాక్టర్లు ఏటా రమ్మంటారు. కంపెనీ చూసేదీ ఆ రిస్కునే.

దాస్తే ఏమవుతుంది? టర్మ్ పాలసీకి ఇన్సూరెన్స్ చట్టం సెక్షన్ 45 వర్తిస్తుంది. మొదటి మూడేళ్లలో ముఖ్యమైన విషయం దాచారని తేలితే క్లెయిమ్ కొట్టేయొచ్చు. మోసమని రుజువైతే కట్టిన ప్రీమియం కూడా రాదు. మూడేళ్లు దాటితే పాలసీని ప్రశ్నించలేరు. హెల్త్ పాలసీలో ఆ గడువు 60 నెలలు, అక్కడ మోసం రుజువైతే ఆ తర్వాతా రక్షణ లేదు. ‘ఎలాగోలా గడువు దాటేద్దాం’ అని దయచేసి అనుకోకండి. ఆలోగా మీకేదైనా అయితే కంపెనీతో పోరాడాల్సింది మీ ఇంట్లోవాళ్లు.

నిజం రాస్తే పాలసీ రాదనేమీ లేదు. ప్రీమియం పెంచొచ్చు, వాయిదా వేయొచ్చు, ఒక కంపెనీ కాదంటే మరొకటి ఒప్పుకోవచ్చు. హెల్త్ పాలసీలో ముందునుంచే ఉన్న జబ్బుకు వెయిటింగ్ పీరియడ్ మూడేళ్లు మించకూడదు. డిశ్చార్జ్ సమ్మరీ, బోన్‌మ్యారో రిపోర్టు, తాజా సీబీసీ (రక్తకణాల లెక్క) రిపోర్టు, చికిత్స ఎప్పుడు ముగిసిందో, ఇప్పుడు ఎలా ఉన్నారో డాక్టరు రాసిచ్చిన లెటరు జతచేయండి.

ఫారం ఏజెంటుతో నింపించినా, సంతకం మీది కాబట్టి బాధ్యతా మీదే. ఖాళీ ఫారం మీద సంతకం పెట్టొద్దు. పాలసీ చేతికొచ్చాక అందులోని ప్రపోజల్ (మీరు నింపిచ్చిన ఫారం) కాపీ తీసి క్యాన్సర్ ప్రశ్న ఎదుట ఏముందో చూడండి. ‘లేదు’ అని ఉంటే వెంటనే కంపెనీకి ఈమెయిల్ రాసి సరిదిద్దమనండి. పాలసీ అందిన 30 రోజుల్లోపు దాన్ని వెనక్కిచ్చే హక్కు కూడా మీకుంది.

అన్నీ చెప్పినా రేపు క్లెయిమ్ తిరస్కరిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఏడాదిలోపు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. ఆ రోజు మీ చేతిలో ఉండాల్సింది మీరు నింపిన ఫారం జిరాక్సు. ఇప్పుడే ఒకటి తీసి పెట్టుకోండి.