కంటైనర్ వెనక్కి వెళ్లాలంటే

చి.సౌ. అమ్మాయికి పెద్దనాన్న ఆశీస్సులు.

నీకు విశాఖ పోర్టులో పోస్టింగ్ వచ్చిందనీ, ప్రమాదకర వ్యర్థాల ఫైళ్లు నీకే ఇస్తున్నారనీ మీ నాన్న చెప్పాడు. ఆ శాంపిల్స్ మధ్యే నా సర్వీసంతా గడిచింది కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

కంటైనర్ తలుపు తీయగానే కనిపించే వరసను నమ్మకు. ఒకసారి కాగితాల్లో ‘సీసం తుక్కు’ అని ఉంది. ముందంతా శుభ్రమైన సీసం ముక్కలే. లోపలికి వెళ్లేసరికి ఘాటు ముక్కుకి కొట్టింది. అవన్నీ కారు బ్యాటరీలు, యాసిడ్ కూడా వంపలేదు. కింద చెక్క తడిసి నల్లబడింది. అందుకే సగం సరుకైనా దింపించి, వెనక మూలనుంచి శాంపిల్ తీయించు. పాత కంప్యూటర్లను ‘సెకండ్‌హ్యాండ్’ అని రాసుకొస్తే ఆన్ చేయించి చూడు. 2025 జనవరి 1 నుంచి ఈ-వ్యర్థాలు ఏవైనా సరే, ప్రమాదకర వ్యర్థాలు దేశాలు దాటడంపై ఉన్న అంతర్జాతీయ బాసెల్ ఒప్పందం కింద రెండు దేశాల మధ్య ముందస్తు రాతపూర్వక అంగీకారం ఉండాల్సిందే.

అక్రమమని తేలితే, మన దేశపు 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం సరుకు వచ్చిన 90 రోజుల్లోగా దిగుమతిదారే సొంత ఖర్చుతో వెనక్కి పంపాలి. నోటీసులకే ఆ రోజులు అయిపోతాయమ్మా, ఆలోపు అతను ఫోనెత్తడం మానేస్తాడు. తప్పు పంపినవాళ్లదైతే, బాసెల్ ఒప్పందం ప్రకారం కబురందిన 30 రోజుల్లో తిరిగి తీసుకునే బాధ్యత ఎగుమతి చేసిన దేశానిది. కాబట్టి మొదటి రోజే పంచనామా రాయించి ఢిల్లీలోని పర్యావరణ శాఖకు రిపోర్టు పంపు. అటువైపు దేశానికి కబురు వెళ్లాల్సింది అక్కడి నుంచే.

ఆ రిపోర్టు ఎలా రాస్తావన్నదే ముఖ్యం. ఆ బ్యాటరీల కేసులో నేను రాసిన మొదటి నోట్ నిండా ఆరోపణలే. జవాబే రాలేదు. రెండోసారి బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడలో సరుకు ఎక్కించినట్టు ఇచ్చే రసీదు) నంబరు, సీలు నంబరు, తూకం, ల్యాబ్ రిజల్ట్, ఫోటోలు జతచేశాం. వారంలో జవాబొచ్చింది. అక్కడి అధికారికి కూడా అవే దొంగ కాగితాలు చూపించారట! ఎవరిని పట్టుకోవాలో అతనికి తెలిసేలా రాయి, చాలు.

అయ్యే పని కాదని ఎవరైనా అంటే కొడైకెనాల్ సంగతి చెప్పు. అక్కడి థర్మామీటర్ ఫ్యాక్టరీనుంచి 2003లో 290 టన్నుల పాదరస వ్యర్థాలు అమెరికాకి తిరిగి వెళ్లాయి. అమెరికా బాసెల్ ఒప్పందాన్ని ఇప్పటికీ ఆమోదించలేదు, అయినా వెళ్లాయి. స్థానికులు, కార్మికులు పట్టువదల్లేదు మరి.

ఇంకొక్కటి. సీసం పొడి బట్టలకి అంటుకుని ఇంటికొస్తుంది. పిల్లలకి ఇంతవరకైతే ఫర్వాలేదు అనే మోతాదే లేదు. బుజ్జిగాడు పరిగెత్తుకొచ్చి నిన్ను పట్టుకునేది గుమ్మంలోనేగా. ఆఫీసులోనే బట్టలు మార్చుకుని, చేతులు శుభ్రంగా కడుక్కుని బయల్దేరు.

ఆశీస్సులతో,
పెద్దనాన్న