జాంగీఫ్‌తో టోర్నమెంట్‌కి వెళ్తున్న అల్లుడికి

ఒరేయ్ అల్లుడూ,

స్ట్రీట్ ఫైటర్ వీడియో గేమ్ టోర్నమెంట్‌కి, పట్టుకుని నేలకేసి కొట్టే ఆ రెజ్లర్ జాంగీఫ్‌తోనే దిగుతానని పంతం పట్టావంట, మీ అమ్మ చెప్పింది. నీ ఫ్రెండ్స్ అందరూ వేరే క్యారెక్టర్లు కెన్ తీసుకో, ల్యూక్ తీసుకో అంటున్నారంట. నేను అలా అనను, కానీ ఏ క్యారెక్టర్‌ని నెత్తికెత్తుకుంటున్నావో తెలుసుకుని ఎత్తుకో. 1991లో స్ట్రీట్ ఫైటర్ 2లో వచ్చిన దగ్గర్నుంచీ వీడి కథ ఒకటే, దగ్గరికెళ్తే దేవుడు, దూరంగా ఉంటే దిష్టిబొమ్మ. ఆట మారినా, సిస్టమ్ మారినా ఇది మాత్రం మారలేదు. నువ్వు ఆడేది స్ట్రీట్ ఫైటర్ 6 కాబట్టి ఆ లెక్కల్లోనే చెప్తాను, ఓపిగ్గా చదువు.

వీడికి ఉన్న బలాలు నీకు తెలిసినవే, గబగబా చెప్పేస్తా. మామూలు క్యారెక్టర్ హెల్త్ 10000 అయితే వీడిది 11000, అకుమాకి 9000 మాత్రమే, అంటే వాడికన్నా నువ్వు ఒకట్రెండు తప్పులు ఎక్కువ చేసినా నిలబడగలవు. దెబ్బ గట్టిగా పడుతుంది. ఇక అసలు సరుకు స్క్రూ పైల్ డ్రైవర్, అదే మనం ఎస్పీడీ అంటాం కదా, అవతలివాణ్ణి పట్టి ఎత్తి నేలకేసి కొట్టే మూవ్, 5 ఫ్రేములకే యాక్టివ్ అవుతుంది, అంటే పట్టడం మొదలవుతుంది, బ్లాక్ చేసినా పట్టుకుంటుంది, మామూలు త్రో లాగా బటన్ కొట్టి విడిపించుకునే ఛాన్స్ కూడా లేదు. సెకనుకి 60 ఫ్రేములు, అందులో 5 అంటే చూసి రియాక్ట్ అవ్వడం మనిషి వల్ల కాదు. అవతలివాడు ముందే ఊహించి ఎగరాలి లేదా బ్యాక్‌డాష్ కొట్టి వెనక్కి దూకాలి, అంతే.

ఇక్కడే నువ్వు తప్పులో పడుతున్నావురా. నువ్వు పంపిన రీప్లే చూశా, ఆ కెన్‌తో ఆడిన సెట్. రెండో రౌండ్‌లో జ్యాబ్ వేశావ్, అదే చిన్న పంచ్, వాడు బ్లాక్ చేశాడు, వెంటనే ఎస్పీడీ. పడింది. సూపర్. మళ్ళీ దగ్గరికెళ్ళావ్, జ్యాబ్, ఎస్పీడీ. ఈసారి వాడు నిలువునా ఎగిరాడు, నువ్వు గాలిని కౌగిలించుకుని దాదాపు సెకను పాటు అలా నిలబడిపోయావ్, వాడు తీరిగ్గా దిగుతూ పూర్తి కాంబో వేసి కార్నర్‌కి తోసేశాడు. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు కూడా అదే పని. వాడు నిన్ను చదివేశాడని నీకు అర్థమయ్యేసరికి రౌండ్ అయిపోయింది.

నేను చెప్పేది ఒక్కటే, పట్టు కన్నా పట్టు భయంతో ఎక్కువ డ్యామేజ్ వస్తుంది. ఒకసారి ఎస్పీడీ తిన్నవాడు ఇక కూర్చుని బ్లాక్ చెయ్యడు, ఎగురుతాడు. ఎగురుతున్నాడని తెలిసినప్పుడు పట్టుకోవడానికి పోవడమేంటి చెప్పు, ఆ ఎగిరినవాణ్ణి కొట్టాలి కదా. జ్యాబ్ బ్లాక్ అయ్యాక ఏమీ చెయ్యకుండా అర అడుగు వెనక్కి నడువు, వాడు గాల్లోకి లేస్తే చేతులు చాపి గిర్రున తిరిగే డబుల్ లారియట్ తిప్పు, లేదా లెవెల్ 1 సూపర్, అంటే సూపర్ గేజ్ నిండితే వచ్చే పెద్ద మూవ్, ఉంటే ఏరియల్ రష్యన్ స్లామ్‌తో గాల్లోనే పట్టి నేలకేసి కొట్టు. బ్యాక్‌డాష్ అలవాటున్నవాడైతే పొడుగు చెయ్యి ఉన్న బటన్ ఒకటి వాడు వెళ్ళే చోట ముందే పెట్టేసెయ్. ఇలా రెండు మూడుసార్లు తిన్నాక వాడు మళ్ళీ కింద కూర్చుంటాడు చూడు, అప్పుడు పట్టుకో. ఆ వరస తిరగేసి ఆడితేనే జాంగీఫ్ బలహీనుడిలా కనిపిస్తాడు.

ఇంకో చిన్న విషయం, బ్లాక్ నుంచి బయటికొచ్చిన వెంటనే ఒకట్రెండు ఫ్రేములు ఎవర్నీ త్రో చెయ్యలేం, నువ్వేమో జ్యాబ్ తగలగానే బటన్ నొక్కేస్తున్నావ్, అందుకే కొన్నిసార్లు పట్టాల్సింది కూడా పట్టట్లేదు. ట్రైనింగ్ మోడ్‌లో డమ్మీని ఆల్ గార్డ్‌లో, అంటే అన్నీ బ్లాక్ చేసేలా పెట్టి, కింద ఫ్రేములు లెక్క చూపించే ఫ్రేమ్ మీటర్ ఆన్ చేసుకుని, ఆ రవ్వంత ఆలస్యం చేతికి వచ్చేదాకా చెయ్యి. బోర్ కొడుతుంది, తెలుసు. అయినా చెయ్యి.

ఎస్పీడీ ఏ బటన్‌తో అన్నది కూడా నువ్వు పట్టించుకోవట్లేదు. లైట్ పంచ్‌తో అయితే దూరం నుంచి లాగుతుంది కానీ డ్యామేజ్ తక్కువ, హెవీతో అయితే ఆనుకుని ఉండాలి కానీ ఎముకలు విరుగుతాయి. నువ్వు ప్రతిసారీ హెవీయే, ఆశ ఎక్కువ నీకు. నడుచుకుంటూ వెళ్ళి పట్టేటప్పుడు లైట్, జంప్ దిగాక ఆనుకుని ఉన్నప్పుడో వాడు ఏదో పెద్ద మూవ్ మిస్ చేసి నీ ముందే నిలబడిపోయినప్పుడో హెవీ. పట్టు తర్వాత అవతలివాడు ఎంత దూరంలో పడతాడో మూడు బటన్లకీ వేర్వేరుగా చూసుకో, అక్కడి నుంచి డ్రైవ్ రష్‌తో, అంటే డ్రైవ్ గేజ్ ఖర్చుపెట్టి దూసుకెళ్ళి, మళ్ళీ మీద పడొచ్చా లేక నడుచుకుంటూ పోవాలా అనేది ముందే తెలిసుండాలి, మ్యాచ్‌లో ఆలోచించే టైమ్ ఉండదు.

ఎస్పీడీ కోసం స్టిక్ 360 డిగ్రీలు తిప్పడం గురించి అడిగావు కదా, నిలబడి చేస్తుంటే ఎగిరిపోతున్నానని. నిజంగా పూర్తి చక్రం తిప్పక్కర్లేదురా, ముందుకి, కిందకి, వెనక్కి, పైకి, ఈ నాలుగు దిక్కులు తగిలితే చాలు. పైకి నొక్కాక నేల వదలడానికి కొన్ని ఫ్రేములు పడుతుంది, ఆలోపు పంచ్ నొక్కితే పట్టు వస్తుంది. అయినా నిలబడి చెయ్యడం కన్నా ఏదో ఒక కదలిక వెనక దాచడం మేలు, జ్యాబ్ ఆడుతుండగా తిప్పెయ్, జంప్ నుంచి దిగుతూ తిప్పెయ్. ఇది చేతికొస్తే తర్వాత లెవెల్ 3, బోల్షోయ్ స్టార్మ్ బస్టర్, దానికి రెండు చుట్లు తిప్పాలి, అది కూడా ఇదే పద్ధతిలో జంప్ కింద దాచుకోవచ్చు. మోడర్న్ కంట్రోల్స్‌లో ఒక బటన్‌తో వచ్చేస్తుంది కదా అంటావేమో, వస్తుంది, కానీ అలా చేసిన స్పెషల్స్‌కి డ్యామేజ్ 20 శాతం కోత. జాంగీఫ్‌కి అవకాశాలే తక్కువ, దొరికినదాంట్లో కోత ఎందుకు అని నా అభిప్రాయం. నీకు క్లాసిక్, అంటే ఇలా తిప్పి చేసే కంట్రోల్స్, చేత్తో రాకపోతే మాత్రం మోడర్న్‌లో ఆడు, సిగ్గుపడాల్సిందేం లేదు.

ఇప్పుడు బలహీనతలు, ఇక్కడ కాస్త ఆగి చదువు.

వీడు నెమ్మది. నడక నెమ్మది, ఒళ్ళు పెద్దది, ఫైర్‌బాల్ లేదు. స్క్రీన్ అవతలి చివర నిలబడి ఎవడైనా ఏదో ఒకటి విసురుతూ ఉంటే నువ్వు చెయ్యగలిగింది చాలా తక్కువ. అందరూ కంగారుపడి ఎగిరేది ఇక్కడే, ఆ ఎగిరినప్పుడే గాల్లోవాణ్ణి కొట్టే షోర్యుకెనో ఫ్లాష్ కిక్కో తిని పడతారు. ఎగరకురా బాబూ. ఫైర్‌బాల్ వస్తే డ్రైవ్ పారీ పట్టు, అదే దెబ్బని తిప్పికొట్టినట్టు ఆపేసే మూవ్, సరిగ్గా పడితే డ్రైవ్ గేజ్ తిరిగి వస్తుంది, ఒక అడుగు నడువు, మళ్ళీ పారీ. పర్ఫెక్ట్ పారీ 2 ఫ్రేముల కిటికీ, వస్తే అదృష్టం, దాని మీద ఆశ పెట్టుకోకు. ఉత్తినే బ్లాక్ చేస్తూ కూర్చుంటే డ్రైవ్ గేజ్ కరిగిపోతుంది, ఉన్న 6 బార్లూ పోయాయంటే బర్నౌట్, ఇక పారీ లేదు, డ్రైవ్ రష్ లేదు, బ్లాక్ చేసిన స్పెషల్స్‌కి కూడా ప్రాణం తరుగుతుంది, అలాంటప్పుడు కార్నర్‌లో డ్రైవ్ ఇంపాక్ట్ అనే భారీ దెబ్బ తగిలితే గోడకి గుద్దుకుని స్టన్. జాంగీఫ్‌కి బర్నౌట్ అంటే కాళ్ళు విరగ్గొట్టినట్టే, మిగతా క్యారెక్టర్లు ఎలాగోలా ఆడతారు, వీడు ఆడలేడు. కాబట్టి హెల్త్ బార్ కన్నా ఎక్కువగా డ్రైవ్ గేజ్ మీద కన్నేసి ఉంచు. నార్మల్ నుంచి, అంటే మామూలు పంచ్‌నో కిక్‌నో మధ్యలో ఆపి, క్యాన్సిల్ చేసే డ్రైవ్ రష్‌కి 3 బార్లు పోతాయి, పారీ నుంచి పోయేదానికి 1 బార్, నువ్వు మొదటిది ఇష్టమొచ్చినట్టు వాడుతున్నావ్.

రెండో బలహీనత, కింద పడ్డాక లేచేటప్పుడు. వాడు మీటీ, అంటే నువ్వు లేచే క్షణానికి తగిలేలా ముందే వేసిన దెబ్బ, పెట్టి నిలబడితే నీ 5 ఫ్రేముల పట్టు పని చెయ్యదు, వాడి దెబ్బ ముందే యాక్టివ్‌గా ఉంటుంది కదా. లేస్తూనే ఎస్పీడీ అనే జూదం ఆన్‌లైన్‌లో కొత్తవాళ్ళ మీద వర్కవుట్ అవుతుంది, టోర్నమెంట్‌లో వాళ్ళు దాని కోసమే కాచుక్కూర్చుంటారు. బ్లాక్ చెయ్యి, ఒక త్రో తిన్నా పర్లేదు, 11000 హెల్త్ ఉన్నది అందుకే.

మ్యాచప్‌లు, అంటే ఏ క్యారెక్టర్ మీద ఎలా ఆడాలనేది, అన్నీ రాస్తే తెల్లారిపోతుంది, నీకు ముఖ్యమైనవి చెప్తా. గైల్. అందరికీ వీడంటే భయం, భయపడాల్సిందే కూడా. కానీ వాడి ఫైర్‌బాల్ సోనిక్ బూమ్‌కి వాడు కాసేపు వెనక్కి నొక్కి పట్టుకోవాలి, దాన్నే చార్జ్ అంటారు. వాడు ముందుకి నడిచాడంటే ఆ క్షణంలో చార్జ్ లేదు, చేతిలో బూమ్ లేదు, నువ్వు అడుగెయ్యాల్సింది అప్పుడే. స్క్రీన్ మీద బూమ్‌ని చూడకురా, గైల్ కాళ్ళు చూడు. ఎంతసేపు పట్టినా సరే, టైమర్ 40కి వచ్చినా సరే, వాణ్ణి కార్నర్ దాకా నడిపిస్తే అక్కడ వాడికి వెనక్కి పోయే చోటు ఉండదు, బ్యాక్‌డాష్ కొట్టినా అక్కడే ఉంటాడు, ఒక్క సరైన ఊహతో రౌండ్ సగం నీది.

ధాల్సిమ్ చేతులు చాపితే ఆ చేతుల్నే కొట్టొచ్చు, దగ్గరికి పోయి కొట్టాలని లేదు. జేపీతో మాత్రం నిజంగా నరకం, నేలలోంచి ముళ్ళు, పోర్టళ్ళు, నువ్వు అడుగెయ్యాలంటేనే విసుగొస్తుంది. అయితే మీద పడ్డప్పుడు వాడు తప్పించుకోవడానికి వాడే అమ్నీషియా కౌంటర్ దెబ్బల్ని పడుతుంది తప్ప పట్టుని పట్టలేదు, అది గుర్తుపెట్టుకో. మరీసా అయితే నీకు పండగే, దెబ్బ తగిలినా ఆగకుండా ఓర్చుకునే ఆర్మర్ నమ్ముకుని వచ్చే క్యారెక్టర్ అది, స్కూటమ్ అనే ఆ ఆర్మర్ మూవ్ పట్టి నిలబడితే వెళ్ళి పట్టేసుకోవడమే. డ్రైవ్ ఇంపాక్ట్ కూడా అంతే, 26 ఫ్రేములు పడుతుంది, రెండు దెబ్బలు ఓర్చుకునే ఆర్మర్ ఉంటుంది కానీ పట్టుకి ఆర్మర్ అడ్డం రాదు, దగ్గర్లో చూశావంటే తిప్పెయ్. ఊరికే పారీ నొక్కి కూర్చునేవాళ్ళని కూడా పట్టుకో, పారీ మీద పడ్డ త్రోకి పనిష్ కౌంటర్ వస్తుంది, అంటే డ్యామేజ్ ఎక్కువ. టండ్రా స్టార్మ్ అని ఒక కిక్ కౌంటర్ ఉంది చూశావా, పడితే హాల్ అంతా అరుస్తుంది, కానీ టోర్నమెంట్‌లో దాన్ని మర్చిపో.

టోర్నమెంట్ రూల్ ఒకటి ముందే చూసుకో. చాలా చోట్ల గెలిచినవాడు అదే క్యారెక్టర్‌తో ఉండాలి, ఓడినవాడు మార్చుకోవచ్చు. అంటే నువ్వు మొదటి గేమ్ గెలిస్తే అవతలివాడు లేచి జేపీనో గైల్‌నో తీసుకునే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అందుకే ఇంకో క్యారెక్టర్ చిన్నగా నేర్చుకుని పెట్టుకోమంటారు కొందరు. నేనైతే నీ వయసులో ఆ టైమ్ కూడా గైల్ మ్యాచప్ మీదే పెట్టమంటాను, సగం వచ్చిన రెండో క్యారెక్టర్ నెర్వస్‌గా ఉన్నప్పుడు అస్సలు పని చెయ్యడు.

వీడితో పైదాకా పోలేమనేవాళ్ళ మాట పట్టించుకోకు. స్నేక్ ఐజ్ అనే ప్లేయర్ 2014లో ఎవో అనే పెద్ద ఫైటింగ్ గేమ్ టోర్నమెంట్‌లో జాంగీఫ్‌తో టాప్ 8లో కూర్చున్నాడు, జపాన్‌లో ఇతాబాషి జాంగీఫ్ అని పేరులోనే వీణ్ణి పెట్టుకున్న ప్లేయర్ ఉన్నాడు, ఏళ్ళ తరబడి పెద్ద స్టేజీల మీద ఆడాడు. వాళ్ళ వీడియోలు పెట్టుకుని చూడు, అయితే కాంబోలు చూడకు. పట్టుకునే ముందు ఎంతసేపు ఊరికే నడుస్తున్నారో, ఎక్కడ ఆగుతున్నారో, అవతలివాడు ఏం చేశాక అడుగు ముందుకేస్తున్నారో చూడు. పాజ్ చేసి మరీ చూడు.

టోర్నమెంట్ లోపు గైల్ ఆడేవాళ్ళతో లాంగ్ సెట్లు పెట్టుకో, గెలిచినవి నాకొద్దు, ఓడిన వాటి రీప్లే ఐడీలు పంపు. శనివారం రాత్రి కాల్ చేస్తా, ఇద్దరం కలిసి చూద్దాం. మీ అమ్మకి చదువు పక్కన పెట్టట్లేదని ఒకసారి చెప్పు, లేకపోతే తిట్లు నాకు పడతాయి.

మీ మావయ్య