సేటు మంచోడే, మరి నష్టపరిహారం అడగాల్నా వద్దా?

ప్రశ్న: అన్నా నమస్తే. మాది పరకాల దిక్కు ఊరు, పేరు వేయకండి. సీజన్‌ల జమ్మికుంట దిక్కు ఒక జిన్నింగ్ మిల్లుల పని చేస్త. మా మేస్త్రి ఊరికెల్లి మమ్ముల గుంపుగ తీస్కపోతడు, నెలకు 14 వేలు చేతికిస్తరు, రశీదు గిశీదు ఏం ఉండదు. 2025 జనవరిల సంక్రాంతి ముంగట రాత్రి షిఫ్ట్‌ల జిన్ కాడ పత్తి ఇరికితే గుంజుదామని చెయ్యి పెట్టిన, రోలర్ పట్టేసింది. కుడి చేతి చూపుడు వేలు, నడిమి వేలు మొదలుకంటా తీసేసిండ్రు. అప్పటికి నాకు 35 ఏండ్లు. సేటు ఆ రాత్రే కార్ల ఏసుకొని హన్మకొండల ప్రైవేట్ దవాఖానకు తీస్కపోయిండు, బిల్లంతా ఆయనే కట్టిండు, ఇంటికొచ్చినంక 40 వేలు ఇచ్చిండు. ఈ సీజన్‌ల వాచ్‌మన్ పని కూడ ఇచ్చిండు. ఇప్పుడు మేస్త్రి స్టాంపు పేపర్ తెచ్చి ఇంకో 20 వేలు ఇస్తరు, ఇగ ఏ కేసు లేదని సంతకం పెట్టు అంటుండు. మా ఇంట్లామె పెట్టొద్దంటది. మా బాపేమో ఆయన ఉప్పు తిన్నం, అయినా తప్పు నీదే, నడుస్తున్న మిషన్ల చెయ్యి ఎవడు పెట్టమన్నడు అంటడు. కేసేస్తే ఊర్లె మాట పోతదని భయమైతుంది. ఏం చేయాలె అన్నా?

జవాబు: తమ్మీ, ముందుగాల ఆ పేపర్ మీద సంతకం పెట్టకు. మేస్త్రి ఎన్నిసార్లు ఇంటికొచ్చినా సరే, చదివించుకొని చెప్త అను, అంతే. మిగిలిందంతా తర్వాత.

మీ బాపు అన్న మాట కాడికి వస్త, నీ ఉత్తరం చదివితే నిన్ను ఆపుతున్నది అదే అనిపించింది. తప్పు నీదే అనుకుంటున్నవ్. పనిల దెబ్బ తగిలినోళ్లకు పరిహారం ఇప్పించే చట్టం 1923 నాటిది, అది తప్పు ఎవరిదని అడగదు. పనిలో ఉండంగ, పని వల్ల దెబ్బ తగిలిందా లేదా, అదొక్కటే చూస్తది. తొందరల చెయ్యి పెట్టిన, నిద్రమత్తుల ఉన్న, చూస్కోలేదు, ఇవేవీ పరిహారం ఎగ్గొట్టడానికి పనికిరావు. యజమాని తప్పించుకోవాలంటే మూడే దారులు: పనోడు తాగో మత్తులోనో ఉండి దెబ్బ తగిలించుకున్నడనో, భద్రత కోసం పెట్టిన రూల్‌ను కావాలని కాదన్నడనో, మిషన్‌కు ఉన్న గార్డును కావాలని తీసేసిండనో రుజువు చేయాలె. మనిషి చనిపోయినా, పూర్తిగా పనికిరాకుండా అయినా అవి కూడ నడవయ్. ఇంకోటి, నడిచే మిషన్ల ప్రమాదకరమైన భాగాలకు అడ్డు పెట్టే బాధ్యత 1948 ఫ్యాక్టరీల చట్టం మిల్లు నడిపేటోళ్ల మీదనే పెట్టింది. ఆ రాత్రి ఆ రోలర్ కాడ చెయ్యి పోకుండ అడ్డం ఏమన్న ఉండెనా? పత్తి ఇరికినప్పుడల్లా మిషన్ ఆపితే మేస్త్రి ఏమంటుండె? ఈ రెండు ప్రశ్నలు మీ బాపు ముంగట పెట్టు, ఆయన కోపంల అన్నడు గని కొడుకు చెయ్యి చూసి ఆయనకు మాత్రం బాధ ఉండదా.

ఉప్పు తిన్నమన్న మాటకు నా మనసుల ఉన్నది చెప్త. నువ్వు పని చేసినవ్, ఆయన పైసలిచ్చిండు, అక్కడికి లెక్క సరి. అర్ధరాత్రి కార్ల ఏసుకొని పోయిండు చూడు, అది నిజంగ మంచితనం, దాన్ని జీవితాంతం యాది పెట్టుకో, కనిపిస్తే దండం పెట్టు. వేళ్లు పోయిన దానికి చట్టం ఇయ్యమన్న పైసలు మాత్రం ఆయన దయ మీద ఆధారపడేవి కావు. ఈ రెండూ కలిపేసి చూస్తుండ్రు కాబట్టే మీ ఇంట్ల కొట్లాట అయితుంది.

ఎంత వస్తదో చూద్దాం, ఎందుకంటే 60 వేలకు సంతకం పెట్టమంటుండ్రు కదా. ఆ చట్టంల ఒక పట్టిక ఉంటది, ఏ అవయవం పోతే ఎంత శాతమని, ఒక చేతికి రెండు వేళ్లు పోతే 20 శాతం. వయసును బట్టి ఇంకో అంకె ఉంటది, 35 ఏండ్లకు 197.06. నీ జీతం 14 వేలల్ల 60 శాతం అంటే 8,400, దాన్ని 197.06తో గుణిస్తే 16,55,304 రూపాయలు, అండ్ల 20 శాతం 3,31,060. లెక్కకు తీస్కునే జీతం 2020 నుంచి 15 వేల దాకనే, నీది అండ్లనే ఉంది. నెలలోపు కట్టకపోతే దాని మీద ఏడాదికి 12 శాతం వడ్డీ కూడ, సరైన కారణం లేకుండ లేట్ చేసిండని అనిపిస్తే అసలుల సగం దాక జరిమానా ఏసే అధికారం ఈ కేసులు చూసే కార్మిక శాఖ ఆఫీసర్‌కు ఉంది. కుడి చేతి రెండు వేళ్లు, అదీ పట్టుకునే రెండు వేళ్లు తమ్మీ, కాయితం మీద 20 శాతమంటరు గని పార పట్టాలన్నా, సంచి కట్టాలన్నా, బండి బ్రేకు నొక్కాలన్నా ఎంత పోయిందో నీకు తెల్సు.

సేటు కట్టిన దవాఖాన బిల్లు ఇండ్లకెల్లి తీసెయ్యరాదు, వైద్యానికి పెట్టింది పరిహారం కింద లెక్కకు రాదని చట్టంలనే ఉంది. 40 వేల సంగతి అడుగుతవేమో. మీ ఇద్దరి నడుమ ఒప్పందం అయినా దాన్ని కార్మిక శాఖల పరిహారం కమిషనర్ దగ్గర రిజిస్టర్ చేయించాలె, చేయించకపోతే యజమాని పూర్తి పైసలు బాకీనే ఉంటడు, ఇంతకుముందు ఇచ్చినదాంట్ల సగం కన్నా ఎక్కువ తగ్గించుకోనీకి లేదు, ఆఫీసర్ వేరేగ చెప్తే తప్ప. ఇగ మేస్త్రి తెచ్చిన స్టాంపు పేపర్ సంగతి, హక్కు వదులుకుంటున్నని రాయించుకునే ఒప్పందం ఆ చట్టం ముంగట చెల్లదు. అట్లని పెట్టేసి తర్వాత చూస్కుందామని అనుకోకు, సంతకం పెట్టినంక అది చెల్లదని నిరూపించుకునే తిరుగుడు నీదే అయితది. రాజీ చేస్కోవాలనే ఉంటే కమిషనర్ ముంగట చేస్కోండ్రి, పైసలు మరీ తక్కువున్నా, బెదిరించో మభ్యపెట్టో రాయించుకున్నరని తెలిసినా ఆయన రిజిస్టర్ చేయనని ఆపొచ్చు.

కేసు అనంగనే నువ్వు కోర్టు, పోలీసులు, ఊరంతా గొడవ అనుకుంటున్నట్టున్నవ్. నేనైతే ఇట్ల చెప్త: ముందు సేటు దగ్గరికి నువ్వే పో, మేస్త్రిని ఎంట తీస్కపోకు. సేటూ, మీకు వర్క్‌మెన్ కాంపెన్సేషన్ పాలసీ ఉందా అని మర్యాదగ అడుగు. ఆ పాలసీ తీస్కుంటే అసలు పరిహారం కట్టాల్సింది ఇన్సూరెన్స్ కంపెనీ, అప్పుడు ఆయనకే నువ్వు క్లెయిమ్ వేస్తే మేలు. పాలసీ లేకపోతే ఇబ్బంది పడ్తడు, నిజమే, కని ఆ ఇబ్బందిని నీ పిల్లల చదువుల మీద పెట్టమని ఏ చట్టం చెప్పలేదు. ఆయన మాట దాటేస్తే, కార్మిక శాఖ ఆఫీసుల దరఖాస్తు పెట్టు. దెబ్బ తగిలిన చోట పెట్టొచ్చు, నువ్వు ఉండే చోటైనా పెట్టొచ్చు. ప్రమాదం అయిన రోజు నుంచి రెండేండ్లే టైం, అంటే నీకు 2027 జనవరి దాకనే. సరైన కారణం చూపిస్తే లేట్ అయినా ఆఫీసర్ తీస్కోవచ్చు గని దాని మీద ఆశ పెట్టుకోకు. 2025 నవంబర్ 21 నుంచి ఈ పాత చట్టం సోషల్ సెక్యూరిటీ కోడ్ అనే కొత్త చట్టంల కలిసింది, నీ దెబ్బ అంతకు ముందుది కాబట్టి పాత లెక్కే.

నేను మేస్త్రి మనిషిని, మిల్లు మనిషిని కాదంటరేమో అన్న భయం వద్దు, మేస్త్రి ద్వారా వచ్చినోళ్లకు కూడ మిల్లు యజమానే బాధ్యుడు, తర్వాత వాళ్లూ వాళ్లూ చూస్కుంటరు. ఈఎస్ఐకి, అంటే జీతంల కొంత కట్ చేసి నడిపే ప్రభుత్వ కార్మిక బీమాకు, పో అంటే కూడ నమ్మకు. పత్తి జిన్నింగ్ మాత్రమే చేసే మిల్లును ఈఎస్ఐ చట్టం సీజనల్ ఫ్యాక్టరీ కింద బయట పెట్టింది, అందుకే నీ దారి కార్మిక శాఖ. అదే ఆవరణల వేరే పని కూడ నడుస్తుంటే, నీ జీతంల ఈఎస్ఐ కట్ అయితుంటే అప్పుడు లెక్క మారుతది, అది ఒక్కసారి అడిగి తెలుసుకో.

కాయితాలు ఇప్పటినుంచే ఒక కవర్ల పెట్టు. డిశ్చార్జ్ సమ్మరీ, ఎక్స్‌రే, చెయ్యి ఫొటోలు, వయసుకు ఆధార్. జీతం రశీదు లేదన్నవ్ కదా, మేస్త్రి హాజరు రాసే నోట్‌బుక్ పేజీ ఫొటో దొరికితే బంగారం, లేకపోతే ఆ రాత్రి నీ పక్కన ఉన్న ఇద్దరు ముగ్గురు సాక్ష్యం చెప్తమంటే పేర్లు, ఫోన్ నంబర్లు రాసి పెట్టుకో, సీజన్ అయిపోతే ఎవరు ఎటు పోతరో తెల్వదు. సేటు, మేస్త్రి పంపిన వాట్సాప్ మెసేజ్‌లు, ఫోన్‌పే ఎంట్రీలు ఏవీ తీసేయకు. నువ్వు నోటీసు ఇయ్యలేదు కదా అని అన్నా ఏం కాదు, దవాఖానకు తీస్కపోయిందే ఆయన, ఆయనకు తెల్వకపోవుడేంది. వకీలుకు పైసలు లేవంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పో, కార్మికులకు వకీలును ఉచితంగ ఇస్తరు, 15100కు ఫోన్ చేస్తే చెప్తరు.

వాచ్‌మన్ పని పోదని నేను మాటియ్యలేను తమ్మీ, పోవచ్చు కూడ. సేటు మనిషి ఎట్లాంటోడో నీకే ఎక్కువ తెల్సు. చట్టమైతే మూడు నెలల్ల తేల్చమంటది గని వాయిదాలు పడ్తయ్, తిరగాల్సి వస్తది, ఆ రోజుల కూలి పోతది, దానికి ముందే మీ ఇంట్లామెతోని కూసొని మాట్లాడుకో. అప్పులోళ్లు ఉంటే భయపడకు, పరిహారం పైసలను అప్పు కింద జప్తు చేయనీకి లేదు. నా మట్టుకు నేను క్లెయిమ్ పెట్టమనే చెప్త, ఆ వాచ్‌మన్ పని కోసం ఆగొద్దు, సీజన్ అయిపోతే ఆ పని కూడ ఉండదు, పోయిన వేళ్లతోని నువ్వు ఇంకో పాతికేండ్లు పని చేయాలె.

ప్రశ్న: సార్, నేను సుల్తానాబాద్ దిక్కు రైస్ మిల్లులో చేస్తా, జీతంలో ఈఎస్ఐ కట్ అవుతుంది. మొన్న బస్తాల లాట్ కూలి కాలు ఎముక విరిగింది. ఓనర్ సెలవు పెట్టుకో, నయమైనంక రా అంటున్నడు. నేనూ కార్మిక శాఖలో కేసు వేయొచ్చా?

జవాబు: మీకు ఈఎస్ఐ ఉంది కాబట్టి ఆ దారి లేదండి, దెబ్బకు వచ్చే పైసలన్నీ ఈఎస్ఐ నుంచే. కని ఒక విషయం గట్టిగ పట్టుకోండి. పనిలో తగిలిన దెబ్బ అని నమోదైతే నయమయ్యేదాక డాక్టర్ సర్టిఫికెట్ మీద జీతంల 90 శాతం దాక వస్తది, కాలుకు శాశ్వతంగ లోపం మిగిలితే మెడికల్ బోర్డు చూసి దానికీ నిర్ణయిస్తది. మామూలు జబ్బు అని రాస్తే 70 శాతమే, అదీ ఏడాదికి 91 రోజుల దాకనే. ఓనర్ సెలవు పెట్టుకో అనుడు వెనక ఇది ఉండొచ్చు, ఉండకపోవచ్చు, మీరు మాత్రం యాక్సిడెంట్ రిపోర్ట్ పంపించమని రాతపూర్వకంగ అడగండి, మిల్లుల యాక్సిడెంట్ రిజిస్టర్‌ల మీ పేరు, తేదీ ఎక్కినయో లేదో చూడండి. ఓనర్ ఈఎస్ఐ పైసలు సరిగ్గ కట్టలేదని తేలినా భయం లేదు, మీకు రావాల్సింది ఈఎస్ఐ ఇచ్చి ఆయన దగ్గర వసూలు చేస్కుంటది. రిపోర్ట్ పంపకపోతే మీరే కాయితాలు తీస్కొని ఈఎస్ఐ బ్రాంచ్ ఆఫీసుకు పోండి, కాలు కట్టుతోని పోలేకపోతే ఇంట్లోళ్లతోని దరఖాస్తు పంపండి, రసీదు తప్పకుండ తీస్కోండి.