మందారలో అండాశయం దొరకాలంటే

మందార పువ్వును ఎంత కోసినా పుప్పొడినిచ్చే కేసరాల గొట్టమే తప్ప, గింజలు తయారయ్యే అండాశయం కనబడటం లేదని అడిగారు. అది గొట్టం అడుగున దాగి ఉంటుంది. రేకలను లాగేయకండి, వాటి మొదళ్లు గొట్టానికే అతుక్కుని ఉంటాయి కాబట్టి కీలం, అంటే అండాశయం మీది సన్నని కాడ, తెగిపోతుంది. సూదితో గొట్టాన్ని పైనుంచి కిందికి నిదానంగా చీల్చండి. లోపల సన్నని దారంలా ఉన్నదే కీలం. పైకొసన అది అయిదు పాయలై, ఒక్కోదాని చివర నూగుతో, పుప్పొడిని అందుకునే గుండ్రని కీలాగ్రం ఉంటుంది, ఎంత అందమో చూడండి! కీలం వెంట కిందికి వస్తే లేతరంగు బొడిపె తగులుతుంది. అదే అండాశయం. బ్లేడుతో అడ్డంగానే కోయండి. అప్పుడే అయిదు గదులు, నడిమి అక్షాన్ని అంటుకున్న అండాలు భూతద్దంలో తేటగా కనబడతాయి. ముద్దమందార మాత్రం వద్దు, అందులో కేసరాలు చాలావరకు రేకలుగా మారిపోయి ఉంటాయి.