బయాప్సీ రిపోర్టులో జబ్బు పేరు లేకపోతే ఆ పరీక్ష వృథా అయినట్టేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. డెబ్బై దాటిన మీ అమ్మగారికి నెలల తరబడి ఒళ్లంతా దురద, ఎర్రటి దద్దుర్లు. చర్మం ముక్క తీసి పంపితే "స్పాంజియోటిక్ డెర్మటైటిస్, ఇయోసినోఫిల్స్ ఉన్నాయి, క్లినికల్ కోరిలేషన్ అవసరం" అని రిపోర్టు వచ్చింది. (ఇయోసినోఫిల్స్ అంటే అలర్జీల్లాంటి వాటిలో ఎక్కువగా చేరే ఒక రకం తెల్ల రక్తకణాలు; క్లినికల్ కోరిలేషన్ అంటే స్లైడులో కనిపించినదాన్ని రోగి లక్షణాలతో కలిపి చూడడం.) ముక్క కోసి మైక్రోస్కోపు కింద పెట్టి కూడా ఫలానా జబ్బు అని చెప్పలేకపోతే ఇంకెందుకు అని అడిగారు. నేను పాథాలజిస్టుని, చర్మం బయాప్సీలు చూడడమే నా పని. ఇలాంటి రిపోర్టులు నేనూ రాస్తుంటాను. ఆ మాటలు తప్పించుకోవడానికి రాసేవి కావు.

చర్మానికి వచ్చే జబ్బులు వందల్లో ఉన్నాయి. వాటికి చర్మం స్పందించే తీరులు మాత్రం చాలా కొద్ది. పైపొరలో కణాల మధ్య నీరు చేరి అవి ఎడంగా జరగడం అందులో ఒకటి, దాన్నే స్పాంజియోసిస్ అంటాం. ఎగ్జిమాలో అది కనిపిస్తుంది. ఏదో ఒంటికి పడక వచ్చిన అలర్జీలో, పురుగు కాటులో, కొన్ని మందుల రియాక్షన్లలో, ఒక్కోసారి ఫంగస్‌లో కూడా కనిపిస్తుంది. స్లైడు మాత్రమే చూసి వీటిలో ఒకదాని పేరు రాసేస్తే అది ఊహే అవుతుంది, ఆ ఊహ మీద మందులు మొదలవుతాయి.

అన్నీ ఇలాగే ఉండవు. లైకెన్ ప్లానస్ అనే దురద జబ్బు చక్కగా పెరిగిన దశలో వస్తే మైక్రోస్కోపు తక్కువ పవర్‌లోనే తెలిసిపోతుంది: పైపొర అడుగు రంపపు పళ్లలా ఉంటుంది, దాని కింద లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు పట్టీలా పరుచుకుని ఉంటాయి. కుష్ఠులో నరాల వెంట సాగిన గ్రాన్యులోమాలు, అంటే రక్షణ కణాల గుంపులు, కనిపిస్తే ఫైట్ స్టెయిన్ అనే రంగు వేసి కుష్ఠు బ్యాక్టీరియా కోసం వెతుకుతాం. బొబ్బల జబ్బుల్లోనైతే చర్మం ఏ మట్టంలో చీలిందన్నదే ప్రాణం. పెంఫిగస్‌లో చీలిక పైపొర లోపలే ఉంటుంది, పెంఫిగాయిడ్‌లో పైపొర మొత్తం కింది పొర నుంచి లేచిపోతుంది. ఈ తేడా పట్టుకునే 1953లో లీవర్ అనే చర్మ వైద్యుడు ఈ రెండింటినీ విడదీశాడు. అంతకుముందు పెంఫిగాయిడ్ రోగులను కూడా పెంఫిగస్ కిందే లెక్కవేసేవారు.

పెంఫిగాయిడ్ సంగతి ఊరికే ఎత్తలేదు. అది ఎక్కువగా పెద్ద వయసులో వస్తుంది. బొబ్బలు రావడానికి వారాలు, ఒక్కోసారి నెలల ముందు నుంచే దురద, దద్దుర్లు ఉంటాయి. ఆ దశలో ముక్క తీస్తే స్లైడు మీద కనబడేది అచ్చం మీ రిపోర్టులో ఉన్నదే: స్పాంజియోసిస్, ఇయోసినోఫిల్స్. మీ అమ్మగారిది అదేనని నేను అనడం లేదు, ఎగ్జిమా గానీ మందుల రియాక్షన్ గానీ కావచ్చు. కానీ ఆ వయసులో అంతకాలం దురద ఉన్నప్పుడు దీన్ని కాదని తేల్చుకోకుండా వదలకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

ఒకసారి "దద్దుర్లు, ఎగ్జిమా?" అని మాత్రమే రాసిన ఫారంతో ఒక పెద్దాయన ముక్క నా దగ్గరికి వచ్చింది. ఇయోసినోఫిల్స్ ఎక్కువగా ఉండడంతో చర్మ డాక్టరుకు ఫోన్ చేశాను. ఆయన రోగిని మళ్లీ పిలిచి అడిగితే రెండు సంగతులు బయటపడ్డాయి: షుగరుకి విల్డాగ్లిప్టిన్ వాడుతున్నారు, తొడ లోపలివైపు ఈమధ్యే ఒక చిన్న నీటిబొబ్బ లేచి ఆరిపోయింది. గ్లిప్టిన్ రకం మందులకూ పెంఫిగాయిడ్‌కూ సంబంధం ఉన్నట్టు తెలిసిందే. ఇంకో ముక్క తీసి డైరెక్ట్ ఇమ్యూనోఫ్లోరసెన్స్ (చర్మంలో అతుక్కున్న యాంటీబాడీలను వెలిగించి చూపే పరీక్ష) చేస్తే పైపొర, కింది పొర కలిసే గీత పొడవునా ఐజీజీ అనే యాంటీబాడీ, సీ3 అనే రోగనిరోధక ప్రోటీన్ సన్నని దారంలా వెలిగాయి. మొదటి స్లైడు అబద్ధం చెప్పలేదు, దానికి తెలిసినంత చెప్పింది. మిగతాది ఆ పెద్దాయన నోట్లో ఉంది.

అందుకే మీ చర్మ డాక్టరును ఇమ్యూనోఫ్లోరసెన్స్ అవసరమా అని అడగండి. దానికి ముక్కని మామూలు బయాప్సీలకు వాడే ఫార్మలిన్‌లో వేయకూడదు, ఫార్మలిన్ పడితే మేం వెతికే యాంటీబాడీలు దొరకవు. ఇలాంటి ముక్కల కోసమే ఉన్న మిషెల్ ద్రావణంలో పంపుతారు, ల్యాబుకు త్వరగా చేరేటట్టయితే సెలైన్ కూడా పనికొస్తుంది. బొబ్బ ఉంటే దాని మీద నుంచి కాదు, పక్కనున్న చర్మం నుంచి తీస్తారు. పెంఫిగాయిడ్‌లో కనిపించే బీపీ180 యాంటీబాడీ కోసం రక్త పరీక్ష కూడా ఉంది. ఏ మందైనా అనుమానం వస్తే మీ అంతట మీరు ఆపేయకండి, రాసిన డాక్టరుతో మాట్లాడాకే.

ముక్క ఎక్కడ, ఎప్పుడు తీశారన్నది కూడా తక్కువ విషయం కాదు. రక్తనాళాల వాపు అనుమానం ఉంటే ఒకటి రెండు రోజుల మచ్చ కావాలి, వారం పాతబడితే ఆనవాళ్లు చెరిగిపోతాయి. గోకి గోకి పుండైన చోటు నుంచి తీస్తే గోకుడు గుర్తులే కనిపిస్తాయి, అసలు జబ్బు వాటి కింద మరుగున పడుతుంది. స్టెరాయిడ్ క్రీములు రాస్తుంటే మంట తగ్గి స్లైడు మూగబోతుంది. వీలైతే బయాప్సీకి రెండు మూడు వారాల ముందు ఆ చోట క్రీము ఆపమంటారు. మైకోసిస్ ఫంగాయిడిస్ అనే చర్మపు లింఫోమా (ఒక రకం క్యాన్సర్) కూడా మొదట్లో ఎగ్జిమాలాగే ఉండి, కొన్నాళ్ల తేడాతో ఒకటికి మించి బయాప్సీలు తీస్తే గానీ తేలదు. మళ్లీ తీస్తామంటే మొదటిది చెడగొట్టారని అనుకోకండి.

ఫారం గురించి చెప్పకుండా ఉండలేను. వయసు, ఎన్నాళ్లుగా ఉంది, ఒంట్లో ఎక్కడెక్కడ, ఏ మందులు, డాక్టరు మనసులో ఉన్న రెండు మూడు అనుమానాలు: ఇవి ఉంటే నేను స్లైడులో ఏం వెతకాలో తెలుస్తుంది. ఫంగస్ అనుమానమని రాస్తే ఫంగస్‌ను చూపించే పాస్ స్టెయిన్ వేస్తాను. దద్దుర్లు బాగా ఉన్న రోజున ఫోటోలు తీసి పెట్టుకుని డాక్టరుకు ఇవ్వండి, ముక్కతో పాటు ల్యాబుకు పంపమని అడగండి. నాకు ఫోటో అందిన రోజున రిపోర్టు వేరేగా ఉంటుంది, నిజంగా.

ఇప్పటికే తీసిన ముక్క సంగతి కూడా ముగిసిపోలేదు. 4 మిల్లీమీటర్ల ముక్కను మైనంలో పోసి బ్లాకుగా చేసి, ఇంచుమించు 4 మైక్రాన్ల పొరలుగా కోస్తాం. మొత్తం కోస్తే వెయ్యి దాకా వస్తాయి, మేం చూసేది అందులో కొన్నే. మిగతా బ్లాకు ల్యాబులోనే ఉంటుంది. ఇంకా లోతుగా కోసి చూడమని, ఫంగస్ స్టెయిన్ వేయమని మీ డాక్టరు అడగవచ్చు. స్లైడులు, బ్లాకు మీరు తీసుకుని చర్మ పాథాలజీ బాగా తెలిసిన మరొకరికి చూపించనూ వచ్చు. వెళ్లేటప్పుడు మందుల చీటీలన్నీ, ఆ ఫోటోలు పట్టుకెళ్లండి. ఇమ్యూనోఫ్లోరసెన్స్‌కు మాత్రం ఆ బ్లాకు పనికిరాదు, కొత్త ముక్క తీయాల్సిందే.