విటమిన్ డి సరిపోతే నొప్పి మాత్రలు మానేయవచ్చా?

ప్రశ్న: నా వయసు 29. మాది ఖమ్మం. మూడేళ్లుగా తెల్లవారుజామున నడుము పట్టేసి మెలకువ వస్తోంది. లేచి కాసేపు తిరిగితే సర్దుకుంటుంది. ఎమ్మారై తీసి యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అన్నారు. విటమిన్ డి 11 ఉందని వారానికి ఒకటి చొప్పున 60 వేల యూనిట్ల క్యాప్సూల్స్ రాశారు. డి పెరిగితే నొప్పి మాత్రలు అక్కర్లేదని తెలిసినవాళ్లు అంటున్నారు. ఇంట్లో పప్పు, వంకాయ, చింతపండు మాన్పించారు. ఇప్పుడు అన్నం కూడా మానమంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: మాత్రలు ఆపకండి. మీ నొప్పికి మూలం విటమిన్ డి లోపం కాదు. శరీరాన్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే దారి తప్పి, వెన్నెముక కటి ఎముకతో కలిసే కీళ్లలో వాపు పుట్టిస్తోంది. పడుకుంటే పెరిగి, నడిస్తే తగ్గే నొప్పి ఈ జబ్బు లక్షణమే. ఈ జబ్బు ఉన్నవారిలో విటమిన్ డి తక్కువగా ఉండటం తరచూ చూస్తుంటాం. అయితే దాన్ని పెంచినంత మాత్రాన వాపు అదుపులోకి వస్తుందని రుజువు కాలేదు. ఆ పని మందులదీ, రోజూ చేసే వ్యాయామానిదీ.

మరి డి ఎందుకంటే, ఎముక కోసం. ఈ జబ్బు పూసల అంచుల్లో అక్కర్లేని ఎముకను పెంచుతూనే, పూస లోపలి ఎముకను గుల్ల చేస్తుంది. బిగుసుకుపోయి గుల్లబారిన వెన్ను కాస్త జారిపడినా విరగవచ్చు. 20 కంటే తక్కువ ఉంటే లోపం అంటాం కాబట్టి, మీకు 11 ఉన్నప్పుడు చికిత్స తప్పనిసరి.

క్యాప్సూల్ వారానికి ఒక్కటే. ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణముంది. ఒకాయన వాంతులు, మలబద్ధకం, విపరీతమైన దాహంతో వచ్చారు. జేబులోంచి తీసిన అట్టలో ఒక్క క్యాప్సూల్ కూడా లేదు. వారానికొకటి వేసుకోవాల్సింది నెలల తరబడి రోజూ వేసుకున్నారు. రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీల మీద భారం పడింది. మీరు వారంలో ఒక రోజు గుర్తు పెట్టుకోండి, ఆదివారం భోజనం తర్వాత అనుకోండి. ఈ విటమిన్ కొవ్వులో కరుగుతుంది కాబట్టి భోజనంతో వేసుకుంటే బాగా ఒంటబడుతుంది. మామూలుగా ఎనిమిది వారాల కోర్సు ఇస్తాం. ఆ తర్వాత ఎంత మోతాదో మీ డాక్టరు మళ్లీ పరీక్ష చేయించి చెబుతారు. అంతవరకు సొంతంగా ఇంజెక్షన్లు చేయించుకోవద్దు.

ఎండ మంచిదే. అద్దాల కిటికీ దగ్గర కూర్చుంటే మాత్రం లాభం లేదు, డి తయారుచేసే కిరణాలు అద్దంలోంచి రావు. చేతులు, కాళ్లు కాస్త కనబడేలా పదకొండు నుంచి రెండు గంటల మధ్య ఇరవై నిమిషాలు చాలు. మండు వేసవిలో ఇంకా తగ్గించండి. తిండిలో డి దొరికేది తక్కువ. కవళ్లు, కానగంతలు వంటి చేపలు, గుడ్డు పచ్చసొన కొంత ఇస్తాయి.

ఇక పథ్యం సంగతి. నాకు బాధ కలిగించేది ఇదే. కీళ్లనొప్పి అనగానే పప్పు మాన్పించడం యూరిక్ యాసిడ్ జబ్బు పేరు మీద పుట్టిన అలవాటు. మీ జబ్బు అది కాదు. వంకాయ, చింతపండు మీ వెన్నును వాచేలా చేస్తాయనడానికి ఆధారం లేదు. అన్నం మానాలన్న మాట వెనుక పిండి పదార్థం తగ్గిస్తే పేగుల్లో ఈ జబ్బును రేపే ఒక రకం బ్యాక్టీరియా తగ్గుతుందన్న ఊహ ఉంది. కానీ అది చికిత్సగా నిలబడలేదు. నెలలకొద్దీ పప్పు, అన్నం మానేసి కండ కరిగిపోతే, వెన్నును నిలబెట్టే బలమే పోతుంది. పప్పన్నం తినండి. రోజుకు సుమారు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. ఒక గ్లాసు పాలలో 300 దాకా ఉంటుంది. రాగి సంకటి, నువ్వుల పొడి, పెరుగు, తోటకూర మిగతాది పూరిస్తాయి. పాలకూరలో కాల్షియం ఉన్నా ఒంటబట్టేది తక్కువ. నొప్పి మాత్ర భోజనం తర్వాతే వేసుకోండి. సిగరెట్ అలవాటుంటే ఈ రోజే మానండి. వెన్ను బిగుసుకుపోవడాన్ని అది వేగవంతం చేస్తుంది.

ఒక కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేనంత నొప్పి వస్తే మందుల షాపులో చుక్కలు కొనుక్కోకుండా అదే రోజు కంటి డాక్టరుకు చూపించండి. మీ జబ్బు కంటి లోపల కూడా వాపు తెస్తుంది. ఆలస్యమైతే చూపు దెబ్బతింటుంది.